గ్రాసమా, భాగమా?

గడచిన జూను నెలలో బడి తెఱచిన మూడవనాడు ఒక తల్లి తన కుమారుని చేయి పట్టుకొని సత్యవేడులో మా యొద్దకు వచ్చెను. బాలునకు 7 ఏండ్లు. పేరడిగిన పలుకడు, ఎదుటివారి ముఖము చూడడు, పెదవి చివరనుండి కారు చొల్లును తల్లి మాటిమాటికి కొంగుతో తుడుచుచుండెను. ఆమె శ్రీసిటీలో ఒక కర్మాగారమున పనిచేయునది, తెల్లవారకమునుపే బస్సెక్కవలయును. అంతకుముందు రెండు బడుల గడపలు త్రొక్కి తిరిగివచ్చినదని మాకు తరువాత తెలిసినది. మేమేమియు ననకమునుపే ఆమె యిట్లనెను: “వాడికి చదువు రాదు సార్, నాకు తెలుసు. ఒక మూల కూర్చోబెట్టుకోండి. మధ్యాహ్నం ఇంత అన్నం పెడితే చాలు.”

ఆ మాటను మేము అంతకుముందే సంస్కృతమున చదివియున్నాము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున దాయభాగమును గూర్చి చెప్పుచు, పుట్టుగ్రుడ్డి, పుట్టుచెవిటి, ఉన్మత్తుడు, జడుడు, మూగ మొదలగువారు తండ్రి యాస్తిలో భాగమునకు అర్హులు కారని స్మృతికర్త శాసించెను. అయితే వారిని వీథిపాలు చేయుమనలేదు. వారికి బ్రతికినంతకాలము యథాశక్తిగా గ్రాసాచ్ఛాదనములు, అనగా తిండియు బట్టయు, ఈయవలెననియు, ఈయనివాడు పతితుడగుననియు వెనువెంటనే చెప్పెను. దయగల శాసనమే, కాదనము. కాని గ్రాసము పెట్టువాని యిష్టము ననుసరించి పెరుగును, తరుగును. భాగమునకు కొలత గలదు. అడుగుటకు నోరు గలదు. ఆ తల్లి మా యొద్ద అడిగినది గ్రాసము. భాగమడుగు నోరు ఆమెకు లేకుండ చేసినవారెవ్వరని యోచింపగా, ఆ చేసినవారిలో మేమును ఉన్నామని తోచినది.

ఆస్తి విషయమున ఈ నియమము మాఱుటకు చాలకాలము పట్టినది. 1928లో అనర్హతలను తొలగించు హిందూ వారసత్వపు చట్టము వచ్చి కన్నులు లేనివారిని, చెవులు లేనివారిని, కాలుసేతులు లేనివారిని భాగస్థులను గావించెను. పుట్టుకతో బుద్ధిమాంద్యముగలవారిని మాత్రము అది గడపవెలుపలనే నిలిపినది. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ఆ మినహాయింపును గూడ తీసివేసెను. మా యెదుట నిలిచిన బాలునివంటివానికి తండ్రి పొలములో సెంటు నేల దక్కుటకు, కన్నులు లేనివానికంటె మఱి 28 ఏండ్లు అధికముగా పట్టినదన్నమాట.

విద్య విషయమునను చట్టములకు కొదువ లేదు. 2002లో జరిగిన 86వ రాజ్యాంగసవరణ 6 మొదలు 14 ఏండ్లవఱకు గల పిల్లలకు చదువును ప్రాథమికహక్కుగా చేసినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదినుండి అమలునకు వచ్చినది. 2012లో దానిని సవరించి వైకల్యముగల పిల్లలను స్పష్టముగా అందులో చేర్చిరి. 1995 చట్టమున 7గా నున్న వైకల్యముల పట్టిక 2016 చట్టమున 21 అయ్యెను. బుద్ధి చుఱుకుగానుండియు అక్షరములయొద్ద మాత్రము తొట్రుపడు పిల్లలును ఆ పట్టికలోనికి వచ్చిరి. పేర్లును మాఱినవి. వికలాంగులు దివ్యాంగులైరి, విభిన్న ప్రతిభావంతులైరి, బడి దస్త్రములందు ప్రత్యేకావసరములు గల పిల్లలైరి. పేరు మార్చుటకు ఖర్చు లేదు గనుక అది త్వరగా జరిగినది. 2011 జనాభా లెక్కలలో మాత్రము, 5 మొదలు 19 ఏండ్లవఱకు గల వైకల్యముగల పిల్లలలో నూటికి 61 మందియే విద్యాలయములకు పోవుచుండిరి; 27 మంది ఎన్నడును బడి ముఖము చూడనివారు.

అయినను మమ్ము బాధించునది ఆ 27 మంది లెక్క మాత్రమే కాదు. బడికి వచ్చి, హాజరుపట్టికలో పేరుండి, మూల కూర్చున్నవారిని లెక్కపెట్టు పట్టిక ఏదియు లేదు. ఆ మూల ప్రతి బడిలోను ఉన్నది. మా తరగతిలోను ఉండినది.

ఇచ్చట తోడి యుపాధ్యాయులు చెప్పుమాట పాఠకులు వినవలెను. అది త్రోసివేయదగినది కాదు. “తరగతిలో 40 మంది పిల్లలు. గంటకు 45 నిమిషములు. ఒక్కని చేయి పట్టుకొని పలకమీద గీత గీయించునప్పటికి తక్కినవారి పాఠము పోవును. ఒక్కని మేలునకై 40 మందికి నష్టము చేయుట న్యాయమా?” అని వారందురు. మేమును చాలకాలము ఇట్లే యంటిమి. 40 మందికి సమముగా పంచుటయే న్యాయమని మా భావము. ఇంటిలో తల్లి అట్లు పంచదు. జ్వరపడిన బిడ్డకు పథ్యము వేఱుగ వండును, రాత్రి మేల్కొనును. తక్కిన బిడ్డలు తమ భాగము పోయినదని వ్యాజ్యమాడరు. అయితే తల్లికి నలుగురు బిడ్డలు, ఉపాధ్యాయునకు నలువదిమంది. జ్వరము వారమున తగ్గును, ఇది తగ్గదు. కావున ఆ పోలిక కొంతదూరమే నడచునని మాకు తెలియును.

మేము చదువుకొన్న మీమాంసలో దీనికి దగ్గఱైన విచారణ యొకటి గలదు. జైమిని సూత్రముల ఆఱవ యధ్యాయము అధికారమును గూర్చినది. ఏ కర్మమునకు ఎవడు అర్హుడను ప్రశ్న అచ్చట చర్చకు వచ్చును. అంగవైకల్యము తీఱునదియైనచో తీర్చుకొని కర్మము చేయవచ్చుననియు, తీఱనిదైనచో అధికారము లేదనియు ఒకచోట నిర్ణయము. ఇది మనువు మాటకు తోబుట్టువు వంటిదే. కాని యదే యధ్యాయమున కొంత ముందుకు పోయినచో మఱియొక నిర్ణయము కనబడును. ఫలమును కోరి చేయు కామ్యకర్మమునకు అంగములన్నియు సంపూర్ణముగా నుండవలయును. ఒకటి లోపించినను ఫలము రాదు. నిత్యకర్మము అట్టిది కాదు. అది విడువరానిది గావున శక్తికొలది చేసిన చాలును. ఒక యంగము లోపించినంతమాత్రాన కర్మము చెడదు. ఇచ్చట అంగమనగా కర్మాంగమేగాని దేహాంగము కాదు. ఆ న్యాయమును మేము బలిమిని బడిలోనికి తెచ్చుచున్నాము; శాస్త్రజ్ఞులు క్షమింతురుగాక.

మన యిండ్లలో చదువు కామ్యకర్మమై కూర్చున్నది. ఉద్యోగము ఫలము, మార్కులు అంగములు. అట్టి లెక్కలో కన్ను కానరానివాడు, మాట తడబడువాడు, పదవ తరగతి దాటలేనివాడు నిష్ఫలుడు; వానిపై పెట్టిన గంట వ్యర్థము. చదువు నిత్యకర్మమని తలచినచో ప్రశ్నయే మాఱిపోవును. వీనికి చదువు వచ్చునా యని అడుగము. వీనికి నేడెంత చేయగలము, రేపెంత చేయగలమని అడుగుదుము. మన ప్రభుత్వములు బడిని నిత్యమని చట్టమున వ్రాసి, కామ్యమువలె పరీక్షించుచున్నవి. ఇది క్రొత్త వ్యాధి కాదు. 19వ శతాబ్దమున మదరాసు రాజధానిలో ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించి, ఉత్తీర్ణులైన వారినిబట్టి బడికి గ్రాంటు నిచ్చు పద్ధతి యుండెడిది. పిల్లవాని తలకు ధర కట్టిన తరువాత మందబుద్ధిని ఏ పంతులు ముందువరుసలో కూర్చుండబెట్టును?

ఇక మా నేరము చెప్పుకొందుము. పదునైదేండ్ల క్రిందటి మాట. మా సీమ చరిత్ర తెలియనివారికి ఒక్కమాట చెప్పవలసియున్నది. సత్యవేడు ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదివఱకు చెంగల్పట్టు జిల్లాలోనిది. తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకు పోవ, ఇది ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. అప్పుడు చిత్తూరు జిల్లాలో చేరి, 2022 ఏప్రిల్ 4వ తేదినుండి తిరుపతి జిల్లాలో నున్నది. సరిహద్దు గీతలు మాఱినను ఇండ్లలో నాలుకలు మాఱలేదు. తల్లితో అరవము, బడిలో తెలుగు, అంగడిలో రెండును కలిపి మాటలాడు పిల్లలు మాకు సామాన్యము. అట్టి యింటి బాలుడొకడు మా యొద్ద రెండవ తరగతిలో చేరెను. పిలిచిన పలుకడు, అడిగినదొకటి, చెప్పునదొకటి, పద్యము వల్లించుమన్న పెదవులు మాత్రము కదలించును. “అరవపిల్లవాడు, తెలుగు అందలేదు, నిదానముగా వచ్చును” అని మేము నిశ్చయించితిమి. ఉదారముగనే నిశ్చయించితిమి, తిట్టలేదు, కొట్టలేదు. మా యుదారత వలన వానికి రెండేండ్లు పోయినవి.

మూడవ తరగతిలో ఒకనాడు మేము వానిని ఎడమప్రక్కనుండి రెండుమాఱులు పిలిచి, విసుగుతో మూడవమాఱు గద్దింపగా, వాని ప్రక్కనున్న పిల్లవాడు లేచి, “ఆ పక్కనుండి పిలిస్తే వాడికి వినబడదు సార్, ఈ పక్కకు రావాలి” అనెను. నీకెట్లు తెలియునని యడిగితిమి. “గోలీలాడేటప్పుడు అందఱం ఇట్లనే పిలుస్తాం” అని వాని జవాబు. మఱునాడు వాని అవ్వను పిలిపించితిమి. చిన్ననాటినుండి చెవిలో చీము కారుచుండెననియు, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయుచుంటిమనియు ఆమె చెప్పెను. “అయ్యవారికి తెలుసనుకొంటిని” అనెను. తిరుపతిలో వైద్యులు చూచి, ఎడమచెవి వినికిడి చాలవఱకు పోయినదనియు కుడిచెవి కొంత మిగిలినదనియు చెప్పిరి. నల్లబల్లవైపు తిరిగి మేము చెప్పిన పాఠములన్నియు వానికి గోడకు చెప్పినట్లే చేరినవి. ఆటస్థలమున పదిమంది పసివాండ్రకు తెలిసిన సంగతి, రెండు భాషల సాహిత్యము చదివిన ఉపాధ్యాయునకు రెండేండ్లు తెలియలేదు.

ఈ సరిహద్దుసీమలో ఈ పొరపాటు రెండువైపులను జరుగును. తెలుగు రాని బుద్ధిమంతుని మందుడని మూలకు నెట్టువారు కలరు. చెవి వినబడనివానిని భాష రానివాడని ఉపేక్షించు మావంటివారును కలరు. పిల్లవానితో వాని యింటిభాషలో నాలుగుమాటలాడి, వెనుకనుండి ఒకమాఱు పిలిచి, పుస్తకమెంత దగ్గఱగా పట్టుకొనుచున్నాడో చూచి, తల్లిని నాలుగు ప్రశ్నలడిగిన సగము గుట్టు బయటపడును. దీనికి శిక్షణముకంటె తీఱిక కావలయును. కన్నుల విషయమున 2019 అక్టోబరులో మన రాష్ట్రప్రభుత్వము కంటి వెలుగు అను పేర బడిపిల్లలకు పరీక్షలు మొదలుపెట్టినది; చెవుల విషయమున అంత సందడి ఎన్నడును జరుగలేదు. కంటికి అద్దములు పెట్టిన పిల్లవాడు బుద్ధిమంతుడని పేరు. చెవికి యంత్రము పెట్టినవాడు చెవిటివాడని పేరు.

చెవిటితనమన్నప్పుడెల్ల గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తునకు వత్తురు. సవరల కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకొని, దానికి వాడిన క్వినైనుచే వినికిడి పోగొట్టుకొనియు, ఆయన సవరభాష ధ్వనులను పట్టి వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువరించిరి. వాడుకభాషకై జీవితమును ధారపోసిన ఆ మహనీయుని గూర్చి మేము ఈ గ్రాంథికమున వ్రాయుట చూచి ఆయన నవ్వుకొందురేమో! అయినను ఇట్టివారి ఉదాహరణలు చెప్పుటయందు మాకు సంకోచము గలదు. చెవిటిపిల్లవాని తల్లితో గిడుగువారి పేరు చెప్పినచో ఆమెకు ధైర్యమగును, నిజమే. వినువారికి మాత్రము, గొప్పవాడగునని నమ్మకమున్నప్పుడే వీనిని ఆదుకొనవలెనను భావము కలుగును. మా కుడిచెవి బాలుడు గొప్పవాడు కాలేదు. ముందుబల్లమీద కుడిచెవి మావైపుండునట్లు కూర్చుండి, అయిదవ తరగతి ముగియునప్పటికి రెండవ తరగతి వాచకము చదువగలిగెను. వాని భాగము అంత. అందును రెండేండ్లు మేము తినివేసితిమి.

ఒక్కనికై చేసినది తక్కినవారికి నష్టమను మాటకు మఱల వత్తము. పంచతంత్రము ఎవరికొఱకు పుట్టినది? అమరశక్తి యను రాజునకు మువ్వురు కొడుకులు, మువ్వురును చదువంటని మూఢులు. విష్ణుశర్మ వారిని 6 నెలలలో నీతివిదులను చేసెదనని పూనుకొని, శాస్త్రములను ప్రక్కనబెట్టి కాకులతోను నక్కలతోను పాఠము నడపెను. మందులకై కట్టిన ఆ పుస్తకమును తరువాత దేశదేశముల బుద్ధిమంతులు తమ భాషలలోనికి తిప్పుకొనిరి. అయితే ఒక సంగతి మఱువరాదు: వారు రాజకుమారులు. రాజు కొడుకు మందుడైన గ్రంథము పుట్టినది. కూలివాని కొడుకు మందుడైన మూల చూపబడినది.

1939లో మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే నిలిచి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చిన మరియా మాంటిస్సోరీగారి కథయు ఇట్టిదే. ఆమె మొదట రోమునగరమున బుద్ధిమాంద్యముగల పిల్లలతో పనిచేసినది. వ్రేలితో తడిమి నేర్చుకొను అక్షరములవంటి సాధనములను వారియొద్ద పరీక్షించి, 1907లో సామాన్యపు పేదపిల్లల బడిలో వాడెను. నేడు ధనవంతులు వేలకు వేలు పోసి తమ బిడ్డలకు కొనుచున్న చదువు, మందుల మూలనుండి లేచివచ్చినదని వారిలో ఎందఱికి తెలియును? మన సీమలోనే మదనపల్లె దాపున ఋషివ్యాలీవారు తమ చుట్టుపట్ల పల్లెబడులలో అట్టలమీద పాఠములు వ్రాసి, నిచ్చెనమెట్లవలె వరుసపెట్టి, ఎవడి మెట్టున వాడు నిలిచి ఎక్కు పద్ధతిని నడపిరి. అందు వెనుకబడినవాడను మాటకు తావు తక్కువ.

మేమును మా తరగతిలో ఇసుకపళ్లెము పెట్టితిమి, ఒక బాలికకై. ఆమెకు ప, వ, ష, ఫ లు నాలుగును ఒక్కటిగనే కనబడును. మ కును య కును తేడా తెలియదు. మాటలలో మాత్రము తరగతికంతకు దిట్ట. పెద్ద యక్షరము ఇసుకలో వ్రాసి, నోటితో పలుకుచు, వ్రేలితో దిద్దుట ఆమె పాఠము. వారము తిరుగకముందే తక్కిన పిల్లలు ఆ పళ్లెముకొఱకు పోట్లాడుకొనిరి. ఇప్పుడు అయిదు పళ్లెములున్నవి.

అంతమాత్రాన ఉపాధ్యాయుని ఉత్సాహముతో పని జరిగిపోవునని మేమనము. అట్లనుట ప్రభుత్వమునకు సెలవిచ్చుట యగును. శిక్షణపొందిన ప్రత్యేకోపాధ్యాయుల అవసరమును గుర్తించి, సుప్రీంకోర్టు 2021 అక్టోబరున, ప్రాథమికతరగతులలో ఇట్టి పిల్లలు 10 మందికి ఒకరు చొప్పునను, పై తరగతులలో 15 మందికి ఒకరు చొప్పునను ఉండవలెనని చెప్పినది. మన మండలములలో భవిత కేంద్రములున్నవి. అచ్చట ప్రత్యేకోపాధ్యాయులు పాఠములు చెప్పుదురు, కండరములకు వ్యాయామచికిత్స జరుగును, బడికి రాలేనివారి యిండ్లకును పోవుదురు. వైకల్యముగల బాలికలకు నెలకు 200 రూపాయల భృతి గలదు. మంచివే. మేమెఱిగిన ప్రత్యేకోపాధ్యాయులు మాకంటె ఓర్పుగలవారు, మాకంటె తక్కువ జీతమువారు. ఒక్కొక్కరు ఊరూర తిరుగవలసియుండుటచే వారమునకొకనాడు వచ్చి, బాలుని కనిపెట్టి యలవాటుపడునంతలో తిరిగిపోవుదురు. తక్కిన అయిదుదినములును బాలుడు మావాడే.

మేము తేల్చుకొనలేనిది వేఱొకటి గలదు. చెవిటివానికి యంత్రమున్నది, గ్రుడ్డివానికి చుక్కల లిపి యున్నది, అక్షరములయొద్ద తొట్రుపడు బాలికకు ఇసుక యున్నది. జూనులో వచ్చిన ఆ 7 ఏండ్ల బాలునకు ఏమున్నది? వాడు ఎన్నటికిని చదువకపోవచ్చును. వానికి మేము నేర్పునది చదువేనా? మొదటి రెండునెలలు మేము చేసినదెల్ల, పేరు పిలిచినప్పుడు చేయెత్తుట నేర్పుటయే. తరువాత చొక్కాగుండీ. తరువాత తనవంటి పదిమందితో పంక్తిని కూర్చుండి తన పళ్లెమున తాను తినుట. దీనిని విద్య యనవచ్చునా యని ఒకదినము మాకు సందేహము. మఱొకదినము ఇదికాక విద్య మఱేదని రోషము. ప్రత్యేకపాఠశాలలో వానికి మేలుగా జరుగునేమో. అది దూరము, తల్లికి ఒక్కడే బిడ్డ. 40 మందిలో వాని గంట మేము దొంగిలించి యిచ్చుచున్నామో, వాని గంటను వానికే యిచ్చుచున్నామో నిక్కముగా చెప్పజాలము. ఇతర పిల్లలకు మాత్రము ఈ సందేహములు లేవు. వాడు మొదటిమాఱు చేయెత్తిననాడు తరగతియంతయు చప్పట్లు కొట్టినది, మేము చెప్పలేదు.

డిసెంబరులో తల్లిదండ్రుల సమావేశము జరిగినది. ఆ తల్లి పని సెలవుపెట్టి వచ్చి, వెనుకబల్లపై కూర్చుండి, అందఱును పోవువఱకు వేచియుండెను. ప్రక్కవారి పిల్లల పుస్తకములు చూచినది కాబోలు. తన కొడుకు పుస్తకము తెచ్చి మా బల్లపై తెఱచి పెట్టెను. పుటనిండ వంకరగీతలు, కొన్నిచోట్ల కాగితము చినుగునట్లు బరికినాడు. ఒకచోట మాత్రము సున్నవంటిది ఒకటి మూసికొని వచ్చినది.

“అందఱి పుస్తకాల్లో ఎఱ్ఱసిరాతో దిద్దినారు సార్. మావాడిదాంట్లో ఒక్క గుర్తు కూడా లేదు. ఎందుకు దిద్దలేదు?” అనెను. కంఠమున కోపమున్నది.

మా యొద్ద జవాబు లేదు. ఆ పుస్తకమును ఆ సాయంకాలము ఇంటికి తెచ్చుకొంటిమి.